పేపరు రాయించే పెద్ద దిక్కు



ప్రభుత్వ వైద్య కళాశాలలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరినవాళ్లకు మొదటి జీతం అందేలోపే ఒక లెక్క తెలిసిపోతుంది. నాలుగేళ్లు, రెండు పేపర్లు. అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే నాలుగేళ్ల సర్వీసు నిండాలి, రెండు పరిశోధన వ్యాసాలు అచ్చు కావాలి. వైద్య విద్యా బోధన మీద ఒక కోర్సు, పరిశోధన పద్ధతుల మీద మరో కోర్సు పూర్తి చేసి ఉండాలి. ఈ రెండో కోర్సును చెన్నైలో ఉన్న భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సంస్థ, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ, ఆన్‌లైన్‌లో నడుపుతోంది. వీడియోలు చూసి పరీక్ష పాసైతే సర్టిఫికెట్ చేతికొస్తుంది. ఇంతవరకూ అందరికీ ఒకే దారి. కులం అడగరు, ఊరు అడగరు.

చిక్కంతా ఆ మర్నాడు మొదలవుతుంది. ఏ ప్రశ్న పట్టుకోవాలి? ఎథిక్స్ కమిటీకి కాగితాలు ఎలా పెట్టాలి? ఎంతమంది రోగుల్ని తీసుకుంటే లెక్క నిలబడుతుంది? గ్రాంటుకు దరఖాస్తులో బడ్జెట్ ఎలా వేయాలి? ఏ జర్నల్ మంచిది, ఏది డబ్బులు పుచ్చుకుని ఏది పంపినా అచ్చేసే దుకాణం? వీటికి జవాబులు వీడియోలో ఉండవు, పక్క గదిలో ఉంటాయి. ఆ గదిలో కూర్చున్న ప్రొఫెసర్‌తో చనువుంటే టీ తాగే సమయంలో తేలిపోతాయి. లేకపోతే ఏళ్లు గడిచిపోతాయి.

చనువు ఎవరికి ఉంటుంది? తండ్రి డాక్టరైన అమ్మాయికి ఉంటుంది. మేనమామ అదే కాలేజీలో చదివిన అబ్బాయికి ఉంటుంది. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన దళిత కుటుంబపు అబ్బాయికి, తండా నుంచి వచ్చిన లంబాడా అమ్మాయికి, పదో తరగతి దాకా తెలుగు మీడియంలోనో ఉర్దూ మీడియంలోనో చదివి ఇంగ్లీషు పేపరు అనగానే తడబడే డాక్టరుకు, ప్రసవం సెలవు ముగించుకుని వచ్చేసరికి తన ప్రాజెక్టు ఇంకొకరి చేతిలోకి వెళ్లిపోయిన లెక్చరరుకు అంత తేలిగ్గా కుదరదు. రిజర్వేషన్ వీళ్లను కాలేజీ గేటు దాటించింది. లోపల ఎవరి పక్కన కూర్చోవాలో చెప్పే జీవో మాత్రం ఇంతవరకూ రాలేదు.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, గిరిజన విద్యార్థుల పట్ల వివక్ష ఉందన్న ఫిర్యాదుల మీద ప్రొఫెసర్ సుఖదేవ్ థోరట్ అధ్యక్షతన వేసిన కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. అధ్యాపకుల నుంచి తమకు రావలసిన సాయం రావడం లేదని విద్యార్థులు ఆ కమిటీ ముందు చెప్పుకున్నారు. దేశంలోకెల్లా పెద్ద వైద్య సంస్థలోనే పరిస్థితి అది. అక్కడ చదువుకున్నవాళ్లే రేపు ఇంకో కాలేజీలో అధ్యాపకులవుతారు. విద్యార్థిగా ఉన్నప్పుడు దొరకని ఆసరా, ఉద్యోగం వచ్చిన రోజున ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ కష్టం కొత్తది కాదు. తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఒక పేరులోనే దీని చరిత్ర ఉంది. ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం బయోకెమిస్ట్రీ ప్రయోగశాలలో పిల్లలు రక్తంలో ఫాస్ఫరస్ కొలవడం నేర్చుకుంటారు. ప్రోటీన్లు తీసేసిన తేట ద్రవంలో ఆమ్లం కలిపిన మాలిబ్డేట్ పోస్తారు, దాని మీద ఇంకో రసాయనం పోస్తారు. కాసేపటికి టెస్ట్‌ట్యూబులో నీలం తిరుగుతుంది. ఫాస్ఫరస్ ఎక్కువుంటే నీలం చిక్కబడుతుంది, తక్కువుంటే పలచగా ఉంటుంది. ఆ నీలాన్ని కొలిస్తే లెక్క వచ్చేస్తుంది. ఈ పద్ధతి 1925లో అచ్చయింది. దాని పేరు ఫిస్క్–సుబ్బారావు పద్ధతి. ఫిస్క్ హార్వర్డ్ అధ్యాపకుడు. సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఈయన కథను మనవాళ్లు సాధారణంగా మేధావి కథగా చెబుతారు. దాన్ని ఒక జూనియర్ అధ్యాపకుడి కథగా కూడా చదవొచ్చు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గట్టెక్కిన మనిషి. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు కంటగింపయ్యారు. చివరికి ఎంబీబీఎస్ బదులు దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ చేతికొచ్చింది. తర్వాత ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పుకుంటూ, మామగారి డబ్బు, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతో అమెరికా చేరారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల విభాగంలో సీటు దొరకడానికి డాక్టర్ రిచర్డ్ స్ట్రాంగ్ తోడ్పడ్డారు. పొట్ట గడవడానికి సుబ్బారావు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేసే పని కూడా చేశారు. అంటే గుమ్మం దాటించే మనిషి దొరికాడు. లోపలికి వెళ్లాక?

ఫిస్క్ ప్రయోగశాలలో సుబ్బారావు చేతి మీదుగా ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది, కండరానికి శక్తినిచ్చే ఏటీపీ బయటపడింది. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. ఫిస్క్ ప్రమోషన్‌కు అడ్డం కాకూడదని సుబ్బారావు తన వాటా తగ్గించి చెప్పుకున్నారని జీవిత చరిత్ర రాసినవాళ్లు అంటారు. అదే ప్రయోగశాలలో విద్యార్థిగా పనిచేసి, తర్వాత 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ ఇంకో మాట చెప్పారు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాల వివరాలను ఫిస్క్ వెలుగు చూడనివ్వలేదని, అసూయే కారణం కావచ్చని, వాటిని ఏళ్ల తర్వాత వేరేవాళ్లు మళ్లీ కనుక్కోవలసి వచ్చిందని. హార్వర్డ్ సుబ్బారావుకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో ఆయన లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లిపోయారు.

అక్కడ ఎనిమిదేళ్లలో ఆయన బృందం చేసిన పని ప్రపంచానికి తెలుసు. ఫోలిక్ యాసిడ్ తయారీ, బోదకాలు మందు హెట్రజాన్, టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్, మెథోట్రెక్సేట్. 1948లో పిల్లల బ్లడ్ క్యాన్సర్ మీద మొదటిసారి మందు పనిచేసిందని చూపిన సిడ్నీ ఫార్బర్ వాడింది సుబ్బారావు బృందం పంపిన అమినాప్టెరిన్. ఆ ఫార్బర్ హార్వర్డ్ మనిషే. వద్దనుకున్న అధ్యాపకుడి మందు ఆ హార్వర్డ్‌కే తిరిగి వెళ్లిందన్నమాట. సుబ్బారావు అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్లకు, కన్నుమూశారు.

ఈ కథలో ఫిస్క్‌ను దుర్మార్గుణ్ని చేయడం తేలిక. అసలు లోపం అది కాదనిపిస్తుంది. జూనియర్ మంచీ చెడ్డా అంతా ఒక్క మనిషి దయ మీద ఆధారపడినప్పుడు, ఆ మనిషి మంచివాడైతే అదృష్టం, కాకపోతే దురదృష్టం. సంస్థకు అందులో బాధ్యతేమీ ఉండదు.

హార్వర్డ్‌లోనే మరి కొన్నేళ్ల తర్వాత ఇంకో రకం కథ నడిచింది. హెరాల్డ్ ఏమస్ అనే నల్లజాతి సూక్ష్మజీవి శాస్త్రవేత్త 1952లో అక్కడ డాక్టరేట్ తీసుకుని, హార్వర్డ్ మెడికల్ స్కూల్లో ఒక విభాగానికి అధిపతి అయిన మొదటి నల్లజాతీయుడు అయ్యారు. 1983లో రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్ మైనారిటీ వైద్య అధ్యాపకుల కోసం ఒక పథకం పెట్టింది. ఏమస్ పోయాక దానికి ఆయన పేరే పెట్టారు. ఈ పథకంలో యువ డాక్టర్లకు నాలుగేళ్ల ఫెలోషిప్ ఇస్తారు. వాళ్ల సమయంలో 70 శాతం పరిశోధనకే వదలాలని కాలేజీతో ముందే ఒప్పుకుంటారు. పేరున్న ఒక సీనియర్‌ను మెంటార్‌గా కాగితం మీద రాయించుకుంటారు. ఇందులో గమనించాల్సింది సలహా కాదు. డబ్బు, సమయం, బాధ్యత తీసుకున్న మనిషి పేరు, ఈ మూడూ ఒకేచోట రాతలో ఉండడం.

ఇంత పట్టుదల ఎందుకు అవసరమో తర్వాత తేలింది. 2011లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం అమెరికాను కుదిపేసింది. డోనా గింథర్ అనే ఆర్థికశాస్త్రవేత్త బృందం అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్‌కు వచ్చిన దరఖాస్తులు తిరగేసింది. తెల్లవాళ్లతో పోలిస్తే నల్లజాతి పరిశోధకులకు గ్రాంటు దొరికే అవకాశం 10 శాతం పాయింట్లు తక్కువని తేలింది. చదువు, అనుభవం, అచ్చయిన వ్యాసాలు అన్నీ లెక్కలోకి తీసుకున్నా మిగిలిన తేడా ఇది. జాతీయ మెంటారింగ్ నెట్‌వర్క్ ఒకటి 2014లో పుట్టింది ఈ దెబ్బకే. 2019లో ఇంకో అధ్యయనం ఒక ముఖ్యమైన సంగతి బయటపెట్టింది. ఆ తేడాలో ఐదో వంతుకు పైగా పరిశోధకులు ఎంచుకున్న అంశం వల్లే వచ్చింది. నల్లజాతి పరిశోధకులు ఎక్కువగా సమాజం, జనారోగ్యం లాంటి ప్రశ్నలు ఎత్తుకుంటున్నారు. కమిటీలకు మాత్రం కణాలు, జన్యువులు ముద్దు. 2025లో అమెరికా కేంద్ర ప్రభుత్వం ఇలాంటి వైవిధ్య పథకాలెన్నింటికో నిధులు ఆపేసింది. ఆ గొడవ ఇంకా నడుస్తూనే ఉంది.

మధ్యలో ఒక చిన్న మాట. అమెరికా లెక్కల్లో మనవాళ్లు వెనకబడినవాళ్లు కారు. అక్కడి వైద్య కళాశాలల్లో తెలుగు డాక్టర్లు నిండుగా ఉన్నారు. వెనకబాటు ఏ ఊరికి ఆ ఊరు లెక్క. ఇక్కడికి వస్తే ఆ పేరు కింద చేరేవాళ్ల జాబితా పూర్తిగా మారిపోతుంది.

పరిశోధకులు ఎంచుకునే అంశం మాట ఇందాక వచ్చింది కాబట్టి మన పల్లెలకు వద్దాం. జొన్నలు తినేవాళ్లలో పెల్లగ్రా జబ్బు ఎందుకొస్తుందన్న ప్రశ్న దక్కన్ పల్లెల ప్రశ్న. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న ప్రయోగశాలగా మొదలై 1958లో ఇక్కడికి వచ్చింది. రెండేళ్లు తిరక్కుండానే అక్కడి శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకంఠయ్య జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ కావడమే పెల్లగ్రాకు మూలమని లాన్సెట్‌లో రాశారు. ఆ వాదన మీద తర్వాత ఎన్నో అభ్యంతరాలు వచ్చాయి. అయినా జొన్నరొట్టె ప్రపంచ స్థాయి వైద్య పత్రికలోకి వెళ్లింది. రొట్టె తినేవాళ్ల మధ్యకి సంస్థ వచ్చాకే ఇది జరిగింది.

అలాంటి ప్రశ్నలు కర్నూలు చుట్టుపక్కల ఇంకా పుట్టెడు ఉన్నాయి. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి, అంటే కోతపనుల వలసకు, పోతాయి. గుంటూరు దిక్కు మిరప కోతకు వెళ్లి నెలల తర్వాత తిరిగొస్తాయి. టీబీ మందు సాధారణంగా ఆరు నెలలు వాడాలి. మందు ఒక జిల్లాలో, మనిషి ఇంకో జిల్లాలో ఉంటే ఏమవుతుంది? పిల్లను బడి మాన్పించి వెంట తీసుకెళ్తే ఆ పిల్ల టీకాలు ఎవరు వేస్తారు? బేతంచెర్ల నాపరాళ్ల పాలిష్ పట్టేచోట రోజంతా దుమ్ములో ఉండే కూలీ ఊపిరితిత్తుల సంగతేమిటి? సుగ్గికి పోయిన ఇంట్లో పెరిగిన డాక్టరుకు ఈ ప్రశ్నలు పుస్తకం చూడకుండానే వస్తాయి. ఆ బతుకు చూడనివాళ్లకు ఎంత చదివినా రావు. అందుకే వెనకబడిన వర్గాల అధ్యాపకులను పరిశోధనలోకి తేవడం వాళ్లకు చేసే మేలు మాత్రమే కాదు. వాళ్లు రాకపోతే కొన్ని జబ్బుల గురించి అసలు ఎవరూ అడగరు.

కర్నూలు వైద్య కళాశాల 1956లో మొదలైంది. ఆ ఊరి పెద్దాసుపత్రికి రాని జబ్బు లేదు. రాయలసీమ జిల్లాల నుంచి, పక్కనున్న తెలంగాణ, కర్ణాటక పల్లెల నుంచి కూడా జనం వస్తారు. పరిశోధనకు ఇంతకంటే పెద్ద గని ఎక్కడుంటుంది? ప్రభుత్వ వైద్య కళాశాలల్లో పరిశోధన యూనిట్లు పెట్టే కేంద్ర పథకం 2013 నుంచి ఉంది. ఎంబీబీఎస్ పిల్లల చేత చిన్న ప్రాజెక్టులు చేయించే ఐసీఎంఆర్ స్టూడెంట్‌షిప్ 1979 నుంచే ఉంది. పథకాలకు కొదవ లేదు. ఉదయం ఓపీ, మధ్యాహ్నం క్లాసు, వారానికి ఒకటో రెండో క్యాజువాలిటీ డ్యూటీలు, ఇన్‌స్పెక్షన్ వస్తుందంటే ఫైళ్లు. ఈ మధ్యలో జూనియర్ డాక్టరును కూర్చోబెట్టి, ‘నీ ప్రశ్న ఇంత పెద్దది వద్దు, కొంచెం చిన్నది చెయ్యమ్మా’ అని చెప్పే మనిషికే కొదవ.

ఆ పని ఎలా చేయాలో చూడాలంటే హార్వర్డ్ దాకా పోనక్కర్లేదు. కర్నూలు నుంచి నంద్యాల దారి పడితే పాతిక కిలోమీటర్ల లోపే ఓర్వకల్లు వస్తుంది. ఇప్పుడు ఆ పేరు చెబితే విమానాశ్రయం, రాతివనాలు గుర్తొస్తాయి గాని, 1990ల్లో ఓర్వకల్లు పేరు బయటి ప్రపంచానికి తెలిసింది ఆడవాళ్ల పొదుపు సంఘాలతో. ఐక్యరాజ్యసమితి సాయంతో పేదరిక నిర్మూలన కార్యక్రమం కరువు మండలాల్లో మొదలైనప్పుడు ఇక్కడి ఆడవాళ్లు సంఘాలు కట్టారు, గ్రామ సంఘాలను కలిపి మండల పొదుపులక్ష్మి ఐక్య సంఘంగా మార్చుకున్నారు. విజయభారతి వంటి నాయకురాళ్లు అందులోంచి వచ్చారు.

పొదుపు కంటే కూడా ఇక్కడ చూడాల్సింది ఇంకోటుంది. ఒక సంఘం నిలదొక్కుకున్నాక అందులోని మహిళలే పక్క ఊరికి వెళ్లి కొత్త సంఘం కట్టించారు. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ వచ్చాక ఇలా వెళ్లడం పెద్ద ఎత్తున సాగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మహిళలు బృందాలుగా ఉత్తరాది రాష్ట్రాలకు బయల్దేరారు. రైలెక్కి, రాని హిందీతో, ముందెన్నడూ చూడని పల్లెలో పదిహేను రోజులు మకాం. పొద్దున వాడవాడా తిరగడం, సాయంత్రం ఆడవాళ్లను గుండ్రంగా కూర్చోబెట్టడం. నేను కూడా కూలికి పోయినదాన్నే, అప్పు అడగడానికి భయపడినదాన్నే అని మొదలుపెట్టడం. తీర్మానాల పుస్తకం ఎలా రాయాలో, ఎవరికి ముందు అప్పు ఇవ్వాలో, బ్యాంకు మేనేజరు విసుక్కుంటే ఏమనాలో పక్కనే కూర్చుని చేయించి చూపడం. నెలల తర్వాత మళ్లీ వచ్చి పుస్తకాలు సరిచూడడం.

ఇందులో మూడు సంగతులు వైద్య కళాశాల పెద్దలు చూడవలసినవి. నేర్పడానికి వెళ్లినామె అదే కష్టం దాటి వచ్చినామె. ఆమె చేసేది ఉపన్యాసం కాదు, పుస్తకం ముందు పెట్టుకుని చేయించడం. అన్నిటికంటే ముఖ్యంగా, ఆమెకు దీనికి డబ్బు ఇస్తారు. దారిఖర్చులు, రోజుకింత భత్యం కట్టి ఇస్తారు. సేవాభావం అని చెప్పి ఊరికే చేయించుకోలేదు. ఒక రోజు కూలి పోతే ఇంటి పొయ్యి వెలగని ఆడవాళ్లకు నేర్పే పనికి వెల కట్టారు. ప్రొఫెసర్ల సమయానికి మాత్రం ఇంకా వెల కట్టలేదు.

నేర్పడం కూడా నేర్చుకోవలసిన పనే. అమెరికాలో 16 సంస్థల్లో 283 మంది సీనియర్ల మీద ఒక ప్రయోగం చేశారు. సగం మందికి ఎనిమిది గంటల శిక్షణ ఇచ్చారు, మిగతావాళ్లకు ఇవ్వలేదు. జూనియర్ మాట ఎలా వినాలి, తనకంటే భిన్నమైన నేపథ్యం నుంచి వచ్చినవాళ్లతో ఎలా మాట్లాడాలి, ఏ నెలలో ఏ పని పూర్తి కావాలో కలిసి ఎలా రాసుకోవాలి, ఇవీ ఆ శిక్షణలో విషయాలు. శిక్షణ తీసుకున్నవాళ్లు మెరుగయ్యారని 2014లో ఫలితాలు ప్రకటించారు. ఎనిమిది గంటలంటే ఒక రోజు డ్యూటీ. ఏ కాలేజీ అయినా భరించగలిగినదే.

మన దగ్గర దీనికి ఎదురయ్యే అభ్యంతరం తెలిసిందే. ‘మేమెవరి సాయంతో పైకొచ్చాం? పనికొచ్చేవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు’ అంటారు పెద్దలు. చాలామంది నిజంగానే అలా నమ్ముతారు. తమకు ఎవరు ఏ జర్నల్ పేరు చెప్పారో, ఏ గ్రాంటుకు ఎవరు ఫోన్ చేశారో గుర్తుండదు, ఎందుకంటే ఆ రోజు అది సాయంలా అనిపించలేదు, ఇంట్లో మాటలా అనిపించింది. ఇంట్లో అలాంటి మాట వినని డాక్టరుకు కాలేజీయే ఆ మాట చెప్పాలి. అందుకు రోస్టర్‌లో గంట కేటాయించాలి. విభాగాధిపతిని ఒక్కణ్నే కాకుండా, వేరే విభాగం నుంచి ఇంకొకరిని కూడా జోడించాలి. ప్రమోషన్ కాగితం మీద సంతకం పెట్టే చేయీ, కష్టం చెప్పుకోవలసిన చెవీ ఒకరివే అయితే జూనియర్ నోరు విప్పడం కష్టం. ఫిస్క్ ప్రయోగశాలలో లేనిది ఆ రెండో మనిషే.

పూర్వ విద్యార్థుల సంఘాలకు కూడా ఇందులో పని ఉంది. ఏ వైద్య కళాశాలకైనా అమెరికా, ఇంగ్లండ్‌లలో స్థిరపడిన పాత విద్యార్థులుంటారు. సభాభవనాలు, గేట్లు, శిలాఫలకాల మీద వాళ్లకు మోజెక్కువ. నెలకు ఒక ఆదివారం గంటసేపు వీడియోలో కూర్చుని ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ రాసిన దరఖాస్తును వాక్యం వాక్యం చదివి దిద్దితే, ఫలకం మీద పేరు రాదు గాని గ్రాంటు రావొచ్చు.

ఇక నియమాల సంగతి. జాతీయ వైద్య కమిషన్ నియమాల్లో అధ్యాపకుడి సొంత పేపరుకు లెక్క ఉంది. ఆ పేపర్లో పేరు మొదటి మూడు స్థానాల్లో ఉండాలనో, కరెస్పాండింగ్ ఆథర్‌గా ఉండాలనో చెప్పిన నియమం కూడా ఉంది. దాని వల్ల సీనియరూ జూనియరూ అదే మూడు కుర్చీల కోసం పోటీ పడుతున్నారు. జూనియర్ పేపరు నిలబెట్టినందుకు, తన పేరు అందులో లేకపోయినా, సీనియరుకు మార్కులు పడే లెక్క ఒకటి చేరిస్తే ఆ పోటీ చాలావరకు తగ్గుతుంది. ఇది పార్లమెంటులో చట్టం చేయవలసిన పని కూడా కాదు, కమిషన్ నోటిఫికేషన్‌తో అయ్యే పని. అది వచ్చేదాకా ఆగనక్కర్లేదు కూడా. కాలేజీ కౌన్సిల్ సమావేశంలో అధ్యాపకుల పేర్లు ఒక వరుసలో, వాళ్లకు జతగా పెద్దల పేర్లు ఇంకో వరుసలో రాసి, మూడు నెలలకోసారి ఎంతవరకు వచ్చిందో అడగడానికి ప్రిన్సిపాల్‌కు ఎవరి అనుమతీ అక్కర్లేదు.